పై గదిలో ఇంగ్లిష్ పాఠం

ఆ ఫిబ్రవరిలో మొదటి టర్ము ముగిసినప్పుడు కలీనాకి ఇంగ్లిష్‌లో నాలుగు వేశాను. ఆ బళ్ళో మార్కులు రెండు నుంచి ఆరు దాకా ఉంటాయి. రెండంటే తప్పినట్టు. ఆరంటే ప్రతి తల్లీ ఆశపడేది. నాలుగు మరీ చెడ్డదేం కాదు. కానీ కలీనా మా డిప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ మనవరాలు. నేను అద్దెకుంటున్నది ఆ డిప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ ఇంటి మేడ గదిలోనే.

స్టాఫ్‌రూమ్‌లో జాగ్రఫీ చెప్పే గెంచో నా భుజం మీంచి కంప్యూటర్‌లోకి తొంగిచూశాడు.

"ఏంటది?"

"నాలుగు."

"అంకె కనబడుతోందిలే, కళ్ళజోడు కొత్తదే. ఎవరి పేరు పక్కన వేశావో చూసుకున్నావా అని అడుగుతున్నా."

"చూసుకున్నాను. పిల్ల క్లాసులో నిద్రపోతుంది. పరీక్ష పెడితే సగం కాగితం తెల్లగానే తిరిగొస్తుంది."

"నా క్లాసులో అందరూ నిద్రపోతారు అమ్మాయ్. వీలు చిక్కితే నేనూ పోతాను. అందరికీ ఆరు వేసేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా నాకు తలనొప్పి లేదు." కాఫీ కప్పు అడుగున మిగిలింది తాగి మూతి తుడుచుకున్నాడు. "మీ దేశంలో ఆరు అంకె లేదా ఏంటి?"

మా దేశమంటే వేల్స్. అక్కడ కొండల్లో గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువ అయిన ఒక పల్లెలో, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే బళ్ళో చదువుకున్నాను. బల్గేరియాలో, బాల్కన్ కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్ళో నాకది నాలుగో చలికాలం. మొదటి ఏడాది నేను బజారుకెళ్తే కొట్లవాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టి మా అమ్మానాన్నల గురించి అడిగేవాళ్ళు. నాలుగో ఏడు వచ్చేసరికి, ఆలస్యంగా వస్తే రొట్టె అయిపోయిందని కసిరేవాళ్ళు. పొద్దున్న చీకటితో బడికి వెళ్ళడం, హీటరు మీద చేతి తొడుగులు ఆరబెట్టుకోవడం, ఒకే పాఠం మూడు సెక్షన్లకి చెప్పడం, రాని టీచరు గంట కూడా నేనే తీసుకోవడం, మళ్ళీ చీకట్లో ఇంటికి రావడం. ఆ చలికాలం నాకు గుర్తున్నది ఎక్కువగా అలసటే.

నాకు గది అద్దెకిచ్చిన ఆ డిప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ పేరు స్టోయ్నా. ఊళ్ళో అందరూ ఆవిడని లేల్యా అని, అంటే పిన్నీ అని పిలుస్తారు. బళ్ళో మాత్రం ఆ పిలుపు ఎవరూ వాడరు. ఆ శనివారం నన్ను నేలమాళిగలోకి సాయం పిలిచింది. క్యాబేజీ ఊరవేసిన పీపాలోంచి ఆకుల కోసం రెండు గడ్డలు తియ్యాలట. ఆవిడ చెయ్యి మోచేతి దాకా ఉప్పునీళ్ళలో పెట్టి వెతుకుతుంటే నేను రేకు గిన్నె పట్టుకుని నించున్నాను.

"గిన్నె ఇంకొంచెం ఇటు పట్టు. నాలుగు వేశావట."

"వేశాను లేల్యా."

"నువ్వు ఇచ్చావా, అది తెచ్చుకుందా?"

"అదే తెచ్చుకుంది."

"ఊఁ." ఒక గడ్డ తీసి గిన్నెలో పడేసింది. నీళ్ళు నా స్వెటరు మీద చిందాయి. "ఈ ఇంట్లో ఒక నాలుగు ఇదివరకు కూడా చూశాను. పోనీలే అని ఊరుకున్నాను. ఆ నాలుగు ఇప్పుడు ఫ్యాక్టరీలో కూర్చుని చొక్కాలకి కాలర్లు కుడుతోంది."

ఆవిడ కూతురు రలిత్సా గురించి ఆ మాట. రలిత్సా ఊరి చివరి కుట్టు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేసేది. కూతురు కలీనా బడి నుంచి వచ్చే వేళకి ఆమె పనికి వెళ్ళిపోయేది.

లేల్యా స్టోయ్నా కోరిక ఊరందరికీ తెలిసిందే. ఏడో తరగతి తర్వాత కలీనా జిల్లా పట్నంలోని భాషల హైస్కూల్లో చేరాలి. ఆ సీటుకి జూన్‌లో బల్గేరియన్, లెక్కలు పరీక్షలు రాయాలి. వాటికి బళ్ళో వచ్చే ఇంగ్లిష్ మార్కు కూడా కలుపుతారు. పరీక్షల కోసం కలీనా అప్పటికే బడి అయ్యాక కొన్ని రోజులు లెక్కల ట్యూషన్‌కి, కొన్ని రోజులు బల్గేరియన్ ట్యూషన్‌కి వెళ్తోంది.

"మిగిలిన సాయంత్రాలు నీవి," అంది లేల్యా స్టోయ్నా రెండో గడ్డ తీస్తూ. "పై గదికి పంపిస్తాను. ఏడాది చివరికి ఆరు కావాలి. ఊరికే వెయ్యమనట్లేదు. వచ్చేలా చెయ్యమంటున్నాను."

అలా అడిగేసరికి సరేనన్నాను.

మొదటి సాయంత్రం కలీనా వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. సన్నటి పిల్ల, వేళ్ళ నిండా సిరా. పుస్తకం తెరిచి ఒక పేజీ చదివింది. మాటలన్నీ వరసగా తప్పుల్లేకుండా వచ్చాయి గానీ ఒక్కటీ ఆమెకి అందినట్టు లేదు. రెండో పేజీలో గొంతు ఆగిపోయింది. చూస్తే కళ్ళు మూసుకుని ఉంది. లేపాను.

"క్షమించండి మేడమ్. చదువుతున్నా."

మళ్ళీ చదివింది. మళ్ళీ లేపాను.

తర్వాతి సాయంత్రం వచ్చీ రాగానే, "మేడమ్, ఐదు నిమిషాలు," అంది. సరేనన్నాను. చెయ్యి మడిచి బల్ల మీద పెట్టి దాని మీద తల వాల్చింది. ఐదు నిమిషాలయ్యాక లేపుదామని చెయ్యి చాపాను. ఆమె తల చెయ్యి మీంచి జారి, చెంప నోటుపుస్తకం తీగ చుట్టల మీద ఒత్తుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా దగ్గర దిద్దాల్సిన పరీక్ష కాగితాలు కట్టలుగా ఉన్నాయి. వాటిని దగ్గరికి లాక్కున్నాను.

మామూలుగా ఆ వేళకి కింద టీవీలో టర్కీ సీరియల్ మోగిపోతుండేది. లేల్యా స్టోయ్నా ఆ సీరియల్లో మనుషుల గురించి బంధువుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పాఠం ఉన్న సాయంత్రాలు మాత్రం టీవీ కట్టేసేది. ఇల్లంతా నిశ్శబ్దం. పొయ్యిలో కట్టెల చప్పుడు, నా పెన్ను చప్పుడు, కలీనా ఊపిరి.

గంటయ్యాక ఆమె తనంతట తనే లేచింది. కళ్ళు నులుముకుని గోడ మీద మా ఊరి ఫోటో వంక కాసేపు చూసింది. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో అడిగింది, "మీ ఊళ్ళో గొర్రెలకి పేర్లు పెడతారా?" అని. ఆ ఏడాదంతా ఆమె తనంతట తను నన్ను ఇంగ్లిష్‌లో అడిగిన మొదటి ప్రశ్న అది. కొన్నిటికే పెడతామన్నాను. వేటికి అంది. అలా చాలాసేపు మాట్లాడుకున్నాం. పాఠంలో ఉన్న క్రియాపదాలన్నీ ఆ గొర్రెల మధ్యే వచ్చేశాయి.

ఇక అదే పద్ధతి అయింది. ముందు నిద్ర, తర్వాత పాఠం.

ఒక సాయంత్రం లేల్యా స్టోయ్నా గుమ్మడికాయ బనిత్స చేసింది. సన్నటి పొరల మధ్య గుమ్మడి తురుము, ఆక్రోట్లు పెట్టి పొయ్యిలో కాల్చే రొట్టె అది. ఒక ప్లేటు నిండా పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, మోచేత్తో తలుపు తోసింది. కలీనా బల్ల మీద నిద్రపోతోంది. నేను ఎనిమిదో తరగతి కాగితాలు దిద్దుతున్నాను.

ఆవిడ మా ఇద్దరినీ చూసింది.

"ఇదా పాఠం?"

"లేల్యా, ఒక్క గంట పడుకుంటుంది. తర్వాత బాగా..."

"నేను కింద సీరియల్ కట్టేసి కూర్చున్నాను," అంది. గొంతు పెంచలేదు. "దగ్గొస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాను. పిల్ల చదువుకుంటోందని."

ఆవిడ కలీనా భుజం తట్టి లేపింది. పిల్ల ఎక్కడుందో తెలియనట్టు చూసి, పుస్తకాలు పోగుచేసుకుని ఆవిడ వెనకే దిగిపోయింది. ప్లేటు మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది. ఎంత కోపంలో ఉన్నా పెట్టిన తిండి వెనక్కి తీసుకెళ్ళడం లేల్యా స్టోయ్నాకి చేతకాదు.

సోమవారం కొత్త టైంటేబుల్ వచ్చింది. అది వేసేది ఆవిడే. నాకు రోజూ ఆఖరి పీరియడ్ పడింది. మధ్య విరామంలో ఆవరణలో కాపలా పడింది. మంచు కరిగి పగలంతా బురద, సాయంత్రానికి గడ్డకట్టడం. పిల్లలు జారిపడకుండా చూస్తూ నేనే రెండుసార్లు పడ్డాను. మేడ మీదికి రోజూ వచ్చే సూప్ గిన్నె రావడం మానేసింది. రొట్టె, జున్ను తిని కోటు వేసుకునే పడుకునేదాన్ని.

ఆఖరి పీరియడ్‌లో ఎనిమిదో తరగతివాళ్ళు బల్లల కింద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చునేవాళ్ళు.

"మేడమ్, మీకూ ఇంటికెళ్ళాలనే ఉంది కదా," అంది ఒక పిల్ల. "వెళ్ళిపోదాం. మేం ఎవరికీ చెప్పం."

"కూర్చో. పుస్తకం తెరువు."

"మీ మొహం చూసే అన్నాను మేడమ్. మీ మంచికే."

కలీనా సాయంత్రాలు ఇప్పుడు కింద వంటగదిలో, అమ్మమ్మ ఎదుట, ఇంగ్లిష్ మాటలు వల్లెవేసేది. లేల్యా స్టోయ్నాకి ఇంగ్లిష్ రాదు. పుస్తకం చేత్తో పట్టుకుని, పిల్ల చెప్పే మాట అందులో ఉందా లేదా అని వేలితో వెతికేది. నాకు పైకి వినబడేది. నెలాఖరు పరీక్షలో కలీనా మళ్ళీ సగం కాగితం తెల్లగా ఇచ్చింది. అలాగే సాగితే ఆరు కాదు, ఐదు కూడా రాదని నాకు తెలుసు. చెబుదామంటే స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ నాతో పనికి సంబంధించిన రెండు మాటలు తప్ప మాట్లాడట్లేదు.

గెంచో అన్నీ చూస్తూనే ఉన్నాడు.

"ఈ ఆదివారం ప్రోష్కా," అన్నాడు ఒకరోజు, నేను బురద బూట్లు విప్పుకుంటుంటే. "ఉపవాసాలకి ముందు ఆదివారం. కిందికి దిగి, ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమను. సోమవారానికి నీ కాళ్ళు పొడిగా ఉంటాయి."

"నేను తప్పు చేశానని అనుకోవట్లేదు."

"ఎవరు అడిగారు నిన్ను? చిన్నవాళ్ళు వెళ్ళి అడుగుతారు, పెద్దవాళ్ళు క్షమిస్తారు. తప్పెవరిదని అందులో ఎవడూ లెక్క తియ్యడు. లెక్క తీసుంటే ఈ పండగ ఎప్పుడో ఆగిపోయేది."

"మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

"నాకన్నా పెద్దవాళ్ళు చాలామంది పోయారమ్మా. నాకు పని తగ్గింది."

ఆదివారం సాయంత్రం ఒక నారింజ పట్టుకుని కిందికి దిగాను. వంటగదిలో బల్ల వేసి ఉంది. జున్ను బనిత్స, ఉడికించిన గుడ్లు. దీపం నుంచి ఎర్రదారం కట్టి దాని చివర తెల్ల హల్వా ముక్క వేలాడదీశారు. భోజనాలయ్యాక దాన్ని గుండ్రంగా ఊపుతారు, పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో పట్టుకోవాలి. లేల్యా స్టోయ్నా బల్ల మొదటి కుర్చీలో కూర్చుంది. నల్ల గౌను వేసుకుంది. రలిత్సాకి ఆ రోజు సెలవు. సూది దిగిన వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. కలీనా గోడవైపు కూర్చుని ఉంది.

క్షమాపణ మాట ఇచ్చిపుచ్చుకోకుండా ఎవరూ తినరు. ముందు రలిత్సా లేచింది. తల్లి చెయ్యి ముద్దుపెట్టుకుంది.

"క్షమించమ్మా."

"క్షమించాను. దేవుడూ క్షమించాలి."

నేను వెళ్ళి నారింజ ఇచ్చి వంగాను. ఆవిడ చెయ్యి సబ్బు వాసన వేసింది.

"క్షమించండి లేల్యా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"క్షమించాను. దేవుడూ క్షమించాలి." నారింజని అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడ కొన్నావు? తొక్క మందంగా ఉంది."

"మూల కొట్లో."

"వాడి దగ్గర కొంటారా ఎవరైనా. కూర్చో."

సూప్ గిన్నె మళ్ళీ పైకి వస్తుందని నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు అంతకన్నా పెద్ద కోరిక కూడా ఏం లేదు.

అప్పుడు కలీనా వంతు. కలీనా లేవలేదు.

"రా మరి," అంది లేల్యా స్టోయ్నా.

"దేనికి అడగాలి అమ్మమ్మా?"

"దేనికని ఎవరైనా అడుగుతారా? ఏడాదంతా చేసినవాటికి."

"నేను నిద్రపోయాను," అంది కలీనా. "ఇంకేం చెయ్యలేదు."

పొగరుగా అనలేదు. హాజరు పలికినట్టు అంది. రలిత్సా కూతురి వైపు వంగింది.

"అనేస్తే అయిపోతుంది కదే. అందరం అన్నాం."

"అంటానమ్మా. కానీ రేపు మళ్ళీ నిద్రొస్తుంది. అప్పుడు మళ్ళీ తప్పవుతుంది."

బనిత్స మీంచి ఆవిరి పోతోంది. చిన్నవాళ్ళు అడగకపోతే పెద్దవాళ్ళు ఏం చెయ్యాలో ఆ పండగలో లేదు. లేల్యా స్టోయ్నా చెయ్యి బల్ల మీద అలాగే చాచి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుని, కాసేపటికి కత్తి అందుకుంది.

"తినండి. చల్లారితే జున్ను బిగుసుకుపోతుంది."

తిన్నాం. హల్వా ఎవరూ ఊపలేదు. ప్లేట్లు తీస్తున్నప్పుడు రలిత్సా తల్లి వైపు చూడకుండా, "కాలర్లు కుట్టేవాళ్ళం కూడా ఇంటికొచ్చి నిద్రపోతామమ్మా," అంది. లేల్యా స్టోయ్నా ముక్కలు చేత్తో పోగుచేస్తోంది. విన్నట్టు కనబడలేదు.

సోమవారం టైంటేబుల్ మారలేదు. గెంచో నా బూట్లు చూసి పెదవి విరిచాడు. సూప్ మాత్రం వచ్చింది.

బుధవారం సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. తలుపు తీస్తే కలీనా. ఒక చంకలో పుస్తకాలు, రెండో చేతిలో పెద్ద దిండు. ఉన్ని కుక్కిన పాతకాలం దిండు, బరువుకి పిల్ల ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

"అమ్మమ్మ పంపింది."

"ఏమంది?"

"బల్ల మీద పడుకుంటే మెడ పట్టేస్తుందంది. గంటయ్యాక లేపమంది మిమ్మల్ని." కాసేపు ఆలోచించి, "తర్వాత పాఠం చెప్పమంది," అని కలిపింది.

దిండు నా మంచం మీద వేసి పడుకుంది. నేను కాగితాలు తీసుకున్నాను. కాసేపటికి కింద టీవీ మొదలైంది. సౌండు తగ్గించి పెట్టింది గానీ, సీరియల్లో ఎవరో ఎవరినో పెళ్ళి వద్దంటున్నారని పైకి తెలుస్తూనే ఉంది.

వసంతం వచ్చింది. బురద ఎండింది. బల్గేరియన్ ట్యూషన్ ఒక రోజు తగ్గించారని రలిత్సా చెప్పింది, ఎవరు తగ్గించారో చెప్పలేదు. కలీనా కాగితాలు నిండసాగాయి. తప్పులుండేవి. అవి మెలకువలో చేసిన తప్పులు. జూన్‌లో ఏడాది మార్కు వేసే రోజు వచ్చినప్పుడు ఆమె కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఫిబ్రవరి నుంచి చూస్తే చాలా దూరం వచ్చింది. ఆరు దాకా రాలేదు. ఐదు వేశాను.

డిప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆవిడ నా మార్కులు వరసగా చదివింది. ఒక పేరు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఐదు."

"అవునండీ."

ఆవిడ తర్వాతి పేరు చదివింది.

జూలై మొదట్లో సీట్ల జాబితా వచ్చింది. నేను వేసవికి మా ఊరు బయల్దేరే రోజు అది. పొద్దున్నే పెట్టె దించుకుని వస్తే లేల్యా స్టోయ్నా పెరట్లో ద్రాక్ష పందిరి కింద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కాఫీ, తాగలేదు. రలిత్సా ఆ వారం పొద్దుటి షిఫ్టు, వెళ్ళిపోయింది.

"వచ్చిందా లేల్యా?"

"జాబితా వచ్చింది. పట్నంలో సీటు రాలేదు. రెండో కోరిక వచ్చింది. ఇక్కడే, వంటలూ ఆహారం నేర్పే హైస్కూలు." ఫోన్ బల్ల మీద పెట్టింది. "ఇంగ్లిష్ ఆరు ఉండుంటే అందేది. లెక్క వేశాను."

నిందలా అనలేదు. నాకు తెలియాలన్నట్టు అంది. నేను పెట్టె పక్కన నించున్నాను. క్షమించమనడానికి అది ఆ ఆదివారం కాదు. ఆ మాట అడగాలని కూడా నాకు అనిపించలేదు. బాధ మాత్రం ఉంది. ఆవిడ రెండో కప్పులో కాఫీ పోసి నా వైపు జరిపింది.

"తాగి వెళ్ళు. బస్సుకి ఇంకా టైముంది."

కూర్చున్నాను. పందిరి మీద కాయలు ఇంకా పచ్చిగా, మిరియాలంత ఉన్నాయి.

"కలీనాని లేపనా?"

"ఎందుకు?"

"చెప్పాలి కదా."

ఆవిడ జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. ప్లోవ్‌దివ్‌లో ఉండే ఆడపడుచు. అవతలి గొంతు నాక్కూడా వినబడుతోంది. ఏమైంది, వచ్చిందా, పిల్లకివ్వు, పిల్లతో మాట్లాడతాను అంటోంది. లేల్యా స్టోయ్నా మేడ కింద కలీనా గది కిటికీ వైపు చూసింది. రెక్కలు దగ్గరగా వేసే ఉన్నాయి.

"పడుకుంది," అంది ఫోన్‌లో. "లేదు, లేపను. లేచాక చెయ్యి."